పండక్కి ఓ పాత ఫోన్ పట్టుకురండి

హైదరాబాద్, విశాఖ, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసుకుంటూ సంక్రాంతికి ఊరొచ్చే మన్యం అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఒక మనవి. కొత్తబట్టలు ఎలాగూ తెస్తారు. ఈసారి బీరువాలో మూలపడ్డ పాత స్మార్ట్‌ఫోన్ కూడా తీసుకురండి. ఖాళీది కాదు, పాఠాలు నింపింది.

పాడేరు దాటి లోపలికి వస్తే చాలా ఊళ్లలో సిగ్నల్ కోసం కొండెక్కాలని మీకు చెప్పనక్కర్లేదు. ఆశ్రమ పాఠశాల నుంచి సెలవులకు వచ్చిన పిల్లల పుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లున్నాయి. వాటిని స్కాన్ చేస్తే 2017లో కేంద్రం మొదలుపెట్టిన ‘దీక్ష’లోని పాఠాలు, వీడియోలు వస్తాయి. రావాలంటే నెట్ ఉండాలి కదా!

మీ గదిలో వైఫై ఉంది. బయల్దేరేముందు దీక్ష యాప్‌లో పిల్లల తరగతి, మీడియం చూసుకుని పాఠాలు డౌన్‌లోడ్ చేయండి. ఆ తర్వాత అవి నెట్ లేకుండానే తెరుచుకుంటాయి. ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్‌కి ఫైళ్లుగా పంపుకోనూ వచ్చు. కివిక్స్ అనే ఉచిత యాప్ ఉంటే తెలుగు వికీపీడియానే ఫోన్లో దాచుకోవచ్చు. లక్షకు పైగా వ్యాసాలు! కాకతీయుల గురించి సందేహమొస్తే ఏడో తరగతి పిల్ల బడి తెరిచేదాకా ఆగక్కర్లేదు. అందులో ఉన్నదంతా వేదమని మాత్రం చెప్పకండి, తర్వాత మాస్టారిని అడగమనండి.

ముందుగా మీ ఫొటోలు, బ్యాంకు యాప్‌లు, గూగుల్ ఖాతా తీసేసి ఫోన్ రీసెట్ చేయండి. పాఠాలు నింపేది ఆ తర్వాతే. బ్యాటరీ ఉబ్బిన ఫోన్ వద్దే వద్దు. సిమ్ కూడా వేయకండి. సిమ్ పడిందంటే పిల్లలు కొండెక్కి మరీ రీల్స్ చూస్తారు. పెద్దవాళ్లం మనమే ఆగలేకపోతున్నాం, వాళ్లనేమనగలం? నెట్ లేకపోవడం చదువుకునే ఫోన్‌కి లోపం కాదని నా అభిప్రాయం.

ఏం నింపాలో మీరే ఊహించుకోకండి. బడి మాస్టారికి ఫోన్ చేసి పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో కనుక్కోండి. పదో తరగతి వాళ్లుంటే ముందు వాళ్ల లెక్కలు, సైన్సు చూడండి, పరీక్షలు దగ్గరపడుతున్నాయి. ఇంటికొకటి అక్కర్లేదు, ముగ్గురు నలుగురు పిల్లలకు కలిపి ఒక ఫోన్ చాలు. ఛార్జర్ మరిచిపోకండి.

పండగ రోజుల్లో ఒక పూట వాళ్ల పక్కన కూర్చుని ఏది ఎక్కడుందో చూపించండి. మళ్లీ వేసవిలో వచ్చేటప్పుడు పై తరగతి పాఠాలు తీసుకురండి.