అనుమతి లేని యందము

ప్రభుత్వము నిలిపిన విగ్రహము కళయనియు, సామాన్యుడు పాడునేలలో నిలిపిన బొమ్మ యాక్రమణమనియు తలచువారు మన విద్యావంతులలో పెక్కండ్రు గలరు. "అనుమతి యున్నదా?" యను నొక్క ప్రశ్నతో వారు విచారణము ముగింతురు. ఆ ప్రశ్న యొక్కటియే చాలదని నా వాదము.

చండీగఢు నగరమున జరిగినది చూడుడు. దేశవిభజనమున స్వగ్రామమును గోల్పోయి వచ్చిన నేక్‌చంద్ యచ్చట మరామతు శాఖలో రోడ్డు ఇన్‌స్పెక్టరు. క్రొత్త నగరమునకై పాత పల్లెలను పడగొట్టుచుండిరి. ఆ శిథిలములలోని పెంకులను, గాజుముక్కలను, పింగాణి తునకలను ఆతడు సైకిలుపై మోసికొనిపోయి, సుఖ్నా సరస్సు చెంత నెవరును కట్టడములు కట్టగూడని ప్రభుత్వారణ్యములో, 1957 మొదలుకొని రహస్యముగా బొమ్మలు చేయసాగెను. పగలు కొలువు, రాత్రి కళ. ఇట్లు సుమారు 18 ఏండ్లు గడచినవి.

సంగతి బయటపడినప్పుడు కూల్చివేత తప్పదనిపించెను. ప్రజలు మాత్ర మాదరించిరి. 1976లో ఆ వనము ప్రజలకు తెరవబడినది. ఆతనికే జీతమిచ్చి, 50 మంది పనివాండ్ర నొసగి, పని సాగింపుమనిరి. 1984లో పద్మశ్రీ బిరుదమిచ్చిరి. బొమ్మలు మారలేదు, చూచువారి కన్నులు మారినవి.

"చట్టమునకు విలువ యుండవలదా? ప్రతివాడును స్థల మాక్రమించిన గతి యేమి?" యని యడుగుదురు. విలువ యుండవలసినదే. ఆతడు చట్టమును మీరెననుటయు నిజమే. కాని యాతడచ్చట నిల్లు కట్టుకొనలేదు. అద్దె వసూలు చేయలేదు. తనకై గోడ లేపువానిని, పరులకై బొమ్మ నిలుపువానిని ఒక్క త్రాటను గట్టుట న్యాయము కాదు.

పోనీ, అనుమతి దొరకిన పిమ్మటనైన రక్షణ కలిగెనా? 1996లో ఆతడు విదేశముల నుండగా నగరాధికారులు వనమునకు సొమ్ము నిలిపివేసిరి. దుండగులు బొమ్మలను విరుగగొట్టిరి. ఆతడు 2015లో గతించెను. 2025 మార్చిలో హైకోర్టు చెంత రోడ్డు వెడల్పునకును, బండ్లు నిలుపు చోటునకును వనపు గోడలో కొంత భాగమును అధికారులే కూల్పించిరి. ఈ కూల్చివేతకు మాత్రము అనుమతి యున్నది!

సోదరీమణులారా! తెల్లవారకమున్నె మీరు వీధిలో ముగ్గు పెట్టుదురు. ఆ నేల పురపాలక సంఘముది కాదా? మీకు అనుమతి యెవరిచ్చిరి? మీ పేటలోని పాడుగోడపై నొక కుర్రవాడు బొమ్మ గీసిన, మున్ముందు మూడు ప్రశ్నలు వేయుడు: ఆ చోట నిన్నటివరకు నేమి యుండెను? ఇప్పుడెవరికి నష్టము? ఇరుగుపొరుగువా రేమందురు? సమాధానములు విన్న పిమ్మట గాని సున్నపు బొక్కెన నెత్తకుడు.