జబ్బు ఇద్దరిది, నింద ఒక్కరిదా?

పసిబిడ్డకు అంతుపట్టని జబ్బు వస్తే మన ఇళ్లలో మొదటి విచారణ తల్లి మీదే. గ్రహణం నాడు బయట తిరిగిందా, ఏం తిన్నది, ఆమె పుట్టింట్లో ఎవరికైనా ఉందా అని ఆరాలు. ఆ పక్కనే కూర్చున్న తండ్రిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

హర్లర్ జబ్బునే తీసుకుందాం. ఒక ఎంజైము తయారు కాకపోవడం వల్ల విరగవలసిన చక్కెర పదార్థాలు బిడ్డ కాలేయంలో, గుండెలో, ఎముకల్లో, మెదడులో పేరుకుపోతాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యువులు కలిస్తేనే ఈ జబ్బు వస్తుంది. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మేనరికాల్లో ఈ కలయికకు అవకాశం ఎక్కువ. ఆస్తి చీలకూడదని, కట్నం బయటికి పోకూడదని మేనరికం ఖాయం చేసేది పెద్దలు. పెళ్లి నిర్ణయంలో నోరు లేని ఆడపిల్ల దాని ఫలితానికి మాత్రం జవాబుదారీ అవుతోంది!

చికిత్స లేదా అంటే ఉంది. 1980లో లండన్‌లో హర్లర్ బిడ్డకు తొలిసారి మూలుగ మార్పిడి చేశారు. దాత మూలకణాల నుంచి పుట్టిన రక్తకణాలు ఆ ఎంజైమును తయారు చేస్తాయి. వాటిలో కొన్ని మెదడుకూ చేరతాయి. ప్రాణాపాయం ఉంది, ఎముకల బాధలు పూర్తిగా పోవు. అయినా రెండు, రెండున్నరేళ్ల లోపు చేస్తే బిడ్డ తెలివి నిలిచే అవకాశం ఎక్కువ. ఆలస్యమైతే మెదడుకు జరిగిన నష్టాన్ని వెనక్కి తేలేం.

2021లో కేంద్రం అరుదైన జబ్బుల జాతీయ విధానం ప్రకటించింది. ఇలాంటి మార్పిడులను అందులో చేర్చింది. 2022లో సాయాన్ని 50 లక్షల వరకు పెంచింది. మనకు హైదరాబాద్‌లో సిడిఎఫ్‌డి, నిమ్స్ కలిసి ఇందుకు కేంద్రం. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆ డబ్బు జబ్బు పేరు తెలిశాకే వస్తుంది. నర్సంపేట దగ్గరి కూలి తల్లికి ఆ పేరు ఎప్పుడు తెలుస్తుంది? మాటిమాటికీ జలుబు, బొడ్డు దగ్గర వాపు, పెద్ద తల, వెన్నులో గూని. వీటిని కలిపి చూసేవారు దొరికేదాకా ఆర్‌ఎంపి నుంచి వరంగల్‌కు, వరంగల్ నుంచి హైదరాబాద్‌కు బిడ్డను చంకనేసుకుని తిరిగేది ఆమే. పోయే కూలి ఆమెది. కరిగిపోయే నెలలు బిడ్డవి. ఈ లెక్క ఏ విధానంలోనూ లేదు.

దాత దొరక్కపోతే “ఇంకో బిడ్డను కను” అంటారు. హర్లర్‌లో, జబ్బు లేకుండా దాతగా కూడా సరిపోయే బిడ్డ పుట్టే అవకాశం 16లో 3 మాత్రమే. ఇది చెప్పకుండా ఆమె గర్భాన్ని మందుల దుకాణం చేసే హక్కు ఎవరిచ్చారు? ఇంకోవైపు బొడ్డుతాడు రక్తం దాచుకోమని ప్రైవేటు బ్యాంకులు గర్భిణుల భయాన్ని సొమ్ము చేసుకుంటున్నాయి. వంశపారంపర్య జబ్బున్న బిడ్డ సొంత రక్తంలోనూ అదే లోపం ఉంటుంది. తన కోసం తాను దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలే చెప్పింది.

రక్తహీనతతో తల్లులు చనిపోతుంటే అరుదైన జబ్బులకు ఇంత ఖర్చెందుకు అని కొందరు మిత్రులు అడుగుతారు. పేదలను పేదలతో పోటీ పెట్టే ప్రశ్న ఇది. 2014లో ఒక రిక్షా కార్మికుడి కొడుకు గాషే జబ్బు కేసులో, ఉచితంగా చికిత్స ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. డబ్బు లేదన్న సాకు అక్కడ చెల్లలేదు.

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. అనుమానం రాగానే జిల్లా ఆసుపత్రి నుంచే పరీక్షల నమూనాలు హైదరాబాద్ వెళ్లాలి. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలకు ఈ లక్షణాలు గుర్తించే శిక్షణ ఇవ్వాలి. బిడ్డ వెంట ఉండే తల్లికి దారిఖర్చులు, పోయిన కూలి చెల్లించాలి. జన్యు సలహా భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి తెలుగులో ఇవ్వాలి. మళ్లీ గర్భం ధరించాలా, గర్భంలోని శిశువుకు పరీక్ష చేయించుకోవాలా అన్న నిర్ణయం ఆమెదే కావాలి.

జన్యువులు తల్లిదండ్రులిద్దరి నుంచీ సమానంగా వచ్చాయి. బాధ్యతను కూడా అలాగే పంచమని కుటుంబాన్నీ, రాజ్యాన్నీ నిలదీయవలసింది మనమే.