బలహీనుని వాటాతో గెలుపు

హనుమకొండలో గుర్రప్పందేల మైదానం లేదు. మన ఊరు ఎరిగిన పరుగు జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలోదే. 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు అక్కడే జరిగాయి. గీత దగ్గర అందరూ ఒక్కటే, ఎవరి నడుముకూ ఎవరూ బరువు కట్టరు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో హైదరాబాదు మలక్‌పేటకు తరలివచ్చిన రేసుల్లో పద్ధతి వేరు. అక్కడి హ్యాండీకాప్ పందెంలో వేగంగా పరుగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు, వెనుకబడే గుర్రానికి తక్కువ బరువు. గుర్రానికిచ్చిన రేటింగులో ఒక్కో పాయింటుకు అరకిలో చొప్పున లెక్క కడతారు. జాకీ తేలికగా ఉంటే జీనులో సీసపు ముక్కలు పెడతారు. పందేనికి ముందూ, తరువాతా అతణ్ణి జీనుతో సహా తూస్తారు.

పందెం కాసే అలవాటును మేము సమర్థించడం లేదు. గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టానికి అది చాలవచ్చు. నెల జీతం మలక్‌పేటలో వదిలేసి కాజీపేట రైలెక్కే మనిషి ఇల్లాలికి ఆ తీర్పు వల్ల ఒరిగేదేమీ లేదు.

అయితే ఆ తూకం వెనుక ఒక మంచి ఆలోచన ఉంది. బలమున్నది ఎక్కువ మోయాలి, బలం లేనిదానికి కొంత వెసులుబాటు దొరకాలి. మోసగాడు చెయ్యి పెట్టేది సరిగ్గా ఇక్కడే. గెలవగల గుర్రాన్ని రెండు మూడు పందేల్లో కళ్లెం బిగబట్టి వెనక ఉంచుతారు. రేటింగు దిగుతుంది, బరువు తగ్గుతుంది. తరువాత ఒకరోజు పెద్ద మొత్తం కాసి దాన్ని వదులుతారు. ప్రతి గుర్రాన్నీ దాని శక్తి మేరకు పరుగెత్తించాలన్న నియమం ఉన్నది అందుకే. కళ్లెం బిగిసిందో, గుర్రమే అలసిందో తేల్చడం మాత్రం స్టివార్డులకు తేలిక కాదు.

సంచిలో రెండు రకాల తూనికరాళ్లు పెట్టుకోవద్దని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం హెచ్చరిస్తుంది. కొనేటప్పుడొకటి, అమ్మేటప్పుడొకటి వాడే వర్తకుని గురించిన మాట అది. కళ్లెం బిగబట్టేవాడు రాయిని మార్చడు, తన బలాన్నే రెండు తూకాలుగా చూపిస్తాడు. మా దృష్టిలో ఇది మామూలు దొంగతనం కంటే హీనం. బలహీనుని కోసం తీసిపెట్టిన వాటాను బలవంతుడు బలహీనుని వేషంలో తినేస్తున్నాడు. కాళ్లు బాగానే ఉండి సదరం ధ్రువపత్రం సంపాదించేవాడు, మేడ ఉండి తెల్లకార్డు పట్టుకునేవాడు చేసేదీ ఇదే పని. దేవుని మందిరంలో వాళ్లను ముందు వరుసలో కూర్చోబెడుతున్నామా లేదా అన్నది మనమే చెప్పుకోవాలి.

వయసు దాచడం కూడా ఇటువంటిదే. 1844లో ఇంగ్లండులోని ఎప్సమ్ డెర్బీలో రన్నింగ్ రీన్ అనే పేరుతో ఒక గుర్రం గెలిచింది. మూడేళ్ల గుర్రాలకే పరిమితమైన పందెం అది. గెలిచింది నాలుగేళ్ల మకాబియస్ అని ఆరోపణ వచ్చి, వ్యాజ్యం నడిచింది. పళ్లు చూస్తే వయసు తెలుస్తుంది, గుర్రాన్ని తీసుకురమ్మన్నారు. తీరా చూస్తే గుర్రమే మాయం! చివరకు రెండవదిగా వచ్చిన ఓర్లాండోకు గెలుపు దక్కింది.

గుర్రాలను నడపకుండా, ఏది గెలుస్తుందో అంచనా కట్టేవారికి కూడా విదేశాల్లో పోటీలు పెడతారు. వాటిలో పేచీ వేరు. ఒకే మనిషి స్నేహితుల పేర్లతో నాలుగు ప్రవేశాలు తీసుకొని, నాలుగింటినీ నాలుగు వైపులకు పంపితే, సొంత పేరుతో ఒక్కసారే తలపడినవాడికి మిగిలేదేమిటి? నియమ ప్రకారం పోరాడితేనే గాని కిరీటం దొరకదని అపొస్తలుడైన పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రికలో (2:5) చెప్పాడు. ఆయన ఎంచుకున్న ఉపమానం ఆటగాడిది. ఎంత బాగా ఆడాడన్నది ఆయన అక్కడ అడగలేదు.

మన పిల్లల పోటీలకు వద్దాం. పదహారేళ్లవాడికి పద్నాలుగేళ్ల ధ్రువపత్రం రాయించే తల్లిదండ్రులు, చూసీ చూడనట్టుండే శిక్షకులు మన మధ్యనే, మన సంఘాల్లోనూ ఉన్నారు. ఆ పతకం వెనుక నిజంగా పద్నాలుగేళ్లే ఉన్న ఒక కుర్రవాడు నాలుగవ స్థానంలో నిలబడి ఇంటికి పోతున్నాడు. నిర్వాహకులు ఫిర్యాదు వచ్చేదాకా ఆగకుండా, పేరు నమోదు చేసేటప్పుడే వయసు తేల్చాలి. పతకం ఇచ్చాక మోసం బయటపడితే దాన్ని వెనక్కి తీసుకొని, ఆ నాలుగవవాడి ఇంటికి కబురు పంపాలి.