సంపాదకుని మాట: పగడముల తోటకు తగిన వేళ

నిజాంసాగరమున మంజీర నీటిని చూచుచు పెరిగిన మన కామారెడ్డి, ఎల్లారెడ్డి పాఠకులు, సెలవులకు అండమాను దీవులకేగి, కంటికద్దమును, నోటికి స్నార్కెల్ గొట్టమును అమర్చికొని పగడపు దిబ్బలపై తేలియాడ నువ్విళ్లూరుట సహజమే కావున, ఈ సంచికను ఆ విహారమునకే కేటాయించితిమి. సముద్రము చెరువు వంటిది కాదు. దానికి ఋతువున్నది, ఆటుపోట్లున్నవి. నైరుతి మేఘములు మే నెలలోనే అచటికి చేరి నీటిని కలచివేయును గనుక, డిసెంబరు మొదలు ఏప్రిల్ వఱకు గల ప్రశాంతకాలమున, గాలి లేవని ఉదయమున దిగుట మేలు. 1983లో ఏర్పడిన అచటి వండూరు సముద్ర జాతీయోద్యానమున జాలీబాయ్ దీవిని కొన్ని మాసములు మూసి, ఆ కాలమున రెడ్‌స్కిన్ దీవిని తెఱతురు. పగడములకు విశ్రాంతి నొసగు ఈ నియమము నాకెంతయు ప్రియము. పగడము శిల కాదు, ప్రాణి. కావున నీటిలో నిలువవలసి వచ్చినచో దానిపై కాలూనక ఇసుక నేలనే వెదకుడు.