పాతపడవ బేరము



అమెరికాలో సరస్సుల చెంత కాపురముండు మన తెలుగువారి యిండ్లలో, వేసవి వచ్చినతోడనే పడవ కొనవలయునని పిల్లలు తొందరపెట్టుట వింతకాదు. పడవ లాగుచుండగా త్రాడు పట్టుకొని నీటిపై జారిపోవు స్కీయాట ఆ దేశముననే పుట్టినది. 1922లో మిన్నెసోటా రాష్ట్రమందలి పెపిన్ సరస్సుపై రాల్ఫ్ శామ్యూల్సన్ అను 18 ఏండ్ల యువకుడు రెండు పలకలపై నిలిచి యిట్లు జారెను. పలకల కొనలు వంచుటకై వానిని తన తల్లి రాగికాగులో నుడికించెనని చెప్పుదురు. కావున నీ యాటలో తల్లులకు మొదటినుండియు పాలు కలదు!

ఇందు స్లాలము అను పద్ధతి యొకటి. ఆడువారు ఒకే పలకపై నిలిచి, తిన్నగా పోవు పడవకు ఇరుప్రక్కల తేలుచుండు 6 బోయాలను చుట్టి రావలయును. పోటీలలో ఈ బాట పొడవు 259 మీటర్లు; పడవ వేగము గంటకు పురుషులకు 58, స్త్రీలకు 55 కిలోమీటర్ల వరకు హెచ్చును. అంత వడిలో పడవ వెనుక లేచు అలను మాటిమాటికి దాటవలసి యుండుటచే, ఆ అల చిన్నదిగను మెత్తగను ఉండవలయును. ఇందులకే ఇంజను నడుమ నుండి, ప్రొపెల్లరు పడవ యడుగున చుక్కానికి ముందుగా నమర్చిన ఇన్‌బోర్డు పడవను కోరుదురు. పేరుగల క్రొత్తపడవ వెల లక్ష డాలర్లు దాటుచున్నది. కనుకనే పలువురు వాడిన పడవను వెదకుదురు. ఇచ్చటనే గృహిణి చూపు అక్కరకు వచ్చును.

కుండ కొనునపుడు మనము రంగు చూచి మోసపోము. వ్రేలితో కొట్టి మ్రోత విందుము. పాతపడవకును ఈ పరీక్షయే కావలయును. 1990కి పూర్వము చేసిన పడవలలో పెక్కింటికి, ఇంజనును మోయు అడుగుదూలములు కొయ్యతో చేసి పైని ఫైబర్‌గ్లాసు పొదిగిరి. మరలు దిగిన రంధ్రములగుండ నీరు చొచ్చి, వెలికి కనబడకయే ఆ కొయ్య క్రుళ్లును. చిన్నసుత్తితో తట్టినచో గట్టిదూలము ఖణిల్లున మ్రోగును, క్రుళ్లినది బొదబొదలాడును. కాలు పెట్టినచోట నేల కుంగినను, ఇంజను మరలు ఎంత త్రిప్పినను బిగియకున్నను అనుమానింపవలయును. ఈ దూలములు మార్పించు ఖర్చు ఒక్కొక్కప్పుడు పడవ వెలనే మించును. క్రొత్త దిండ్లును, నిగనిగలాడు రంగును దీనికి సమాధానము కావు.

రెండవది ఇంజను. చాల పడవలలో సరస్సు నీరే లోనికి ప్రవహించి దానిని చల్లబరచును. చలికాలమునకు ముందు ఆ నీటిని తీసివేయనిచో గడ్డకట్టి యుబ్బి, ఇనుప దిమ్మనే పగులగొట్టును. నిండుగా నీరుపోసి మూసిన సీసాను మంచుపెట్టెలో నుంచిన నేమగునో మన మెరిగినదే. నూనె కొలుచు కడ్డీని తీసి చూడుడు. నూనె పాలు కలిపిన కాఫీ రంగున నున్నచో నీరు చేరినదని గ్రహింపుడు. మీరు పోవువరకు ఇంజనును వేడిచేయవలదని అమ్మువానికి ముందే చెప్పుడు. చల్లని ఇంజను వెంటనే నడచునో లేదో చూడవలెను గదా! పిమ్మట నీటిలో నడిపి చూడక సొమ్ము చెల్లింపరాదు. వేగము హెచ్చినపుడు పడవ వణకినచో ప్రొపెల్లరో, దానిని త్రిప్పు ఇరుసో వంగియుండవచ్చును. ఈ పరీక్షలకు అమ్మువానితో సంబంధములేని మెరైన్ సర్వేయరును పిలుచుట మేలు. అతని రుసుము దండుగ కాదు.

1972 తరువాత ఆ దేశమున చేసిన పడవలకు వెనుకగోడ కుడివైపున 12 అక్షరములును అంకెలును గల గుర్తు చెక్కియుండును. అది కాగితములలోని గుర్తుతో సరిపోవలయును. పడవమీద అప్పు మిగిలియున్నదేమో విచారింపవలయును. చేతనున్న సొమ్మంతయు వెలకే పెట్టరాదు. లాగుబండి, భీమా, పెట్రోలు, చలికాలపు భద్రము, మరమ్మతులు - ఇవి యేటేట కాచుకొనియుండును.

సొమ్ముకన్న ప్రాణము మిన్న. ఇంజను నడపుటకు ముందు లోని పెట్రోలు ఆవిరిని వెడలగొట్టు పంకాను 4 నిమిషములు త్రిప్పవలయును. ఇంజను నడచుచుండగా పిల్లలను వెనుక మెట్టుపై కూర్చుండనీయరాదు, దానిని పట్టుకొని వ్రేలాడనీయరాదు. అచ్చట చేరు కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగులేదు, వాసనలేదు. అది ప్రాణములు తీయును. స్కీయాడువారికి తేలుడు చొక్కాయు, పడవలో వారినే కనిపెట్టుచుండు వేరొకరును తప్పక యుండవలయును.

పడవ సంగతి మగవారిదని యూరకుండకుడు. ఇంటి సొమ్ము మీది, పిల్లలు మీవారు. నేల యెత్తి చూపుమని యడుగుట బేరము చెరచుట కాదు. చూపుటకు సందేహించు పడవను వదలివచ్చిన నష్టమేమియు లేదు; మరియొక పడవ దొరకును.