వెదురు తుపాకులూ, కల్లు మానిన ఒట్లూ

1900 మే 1న ఇద్దరు కానిస్టేబుళ్లు పాచిపెంట ప్రాంతంలోని కొర్రవానివలస సంగతేమిటో చూసి రావడానికి వెళ్లారు. తిరిగి రాలేదు. అక్కడ కొర్ర మల్లయ్య అనే కొండదొర తెగవాడి చుట్టూ నాలుగైదు వేల మంది పోగయి ఉన్నారు. తాను పాండవుల్లో ఒకడిననీ, పసివాడైన తన కొడుకు సాక్షాత్తూ కృష్ణుడనీ, తెల్లదొరల్ని తరిమేసి రాజ్యం తానే ఏలుతాననీ మల్లయ్య ప్రకటించాడు. మరి ఆయుధాలో? జనం వెదుళ్లు నరికి తుపాకుల్లా చెక్కుకున్నారు. వేళొచ్చినప్పుడు అవి మంత్రబలంతో నిజం తుపాకులవుతాయి, సర్కారు ఆయుధాలు నీళ్లయిపోతాయి. ఆ వెదురుబొంగులు పట్టుకునే కవాతు కూడా చేశారు. కానిస్టేబుళ్లిద్దర్నీ ఆ గుంపే కొట్టి చంపింది. మే 7 తెల్లవారుజామున జిల్లా మేజిస్ట్రేట్ విశాఖపట్నం, పార్వతీపురం, జయపురం నుంచి రప్పించిన రిజర్వు పోలీసులతో శిబిరం మీద పడ్డాడు. కాల్పుల్లో 11 మంది పోయారు. మల్లయ్య జైల్లోనే చనిపోయాడు, ఇద్దరిని ఉరితీశారు. కృష్ణుడనుకున్న పిల్లవాడూ దక్కలేదు.

వెదురు పేలదని తేలిపోయింది కాబట్టి హేతువాదికి ఇక్కడ పనేమీ మిగల్లేదనిపిస్తుంది. 1907లో విశాఖపట్నం జిల్లా గెజెటీర్ రాసిన ఫ్రాన్సిస్ దొరకూ అలాగే అనిపించింది. ఆయన లెక్కలో అది మతోన్మాదుల అల్లరి. తుపాకులు పేలాయి, అల్లరి అణిగింది. అన్నివేల మంది ఇల్లూ పొలమూ వదిలి ఒక పసివాడిలో కృష్ణుణ్ని చూడటానికి ఎందుకు వచ్చారన్న ప్రశ్నకు ఆ కథనంలో చోటు లేదు.

విచిత్రం ఏమిటంటే, జవాబులో సగం అదే గెజెటీర్‌లో, సారా అమ్మే సొండివాళ్ల ప్రస్తావనలో ఉంది. కొండవాడికి సొండి ముందు సారా అప్పిస్తాడు. పంట చేతికొచ్చే వేళకు ధాన్యం కొలుచుకుపోతాడు. అప్పు అయినా తీరదు, చివరికి భూమే సొండిదవుతుంది. ఇది ఎంత ముదిరిందంటే, ఏజెన్సీలో వడ్డీకీ భూమి చేతులు మారడానికీ కళ్లెం వేస్తూ 1917లో సర్కారే చట్టం చేయాల్సి వచ్చింది. అడవి చట్టం పోడుకు అడ్డుపడింది. ఆబ్కారీ నిబంధనలు ఇంటి వెనక జీలుగు చెట్టుకు కట్టిన కుండ మీదా కన్నేశాయి. 1879 రంప తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం కల్లు మీద పన్నే. అంటే అప్పుడు జనం కత్తి పట్టింది తమ కల్లు తాము గీసుకు తాగే హక్కు కోసం!

నలభై ఏళ్లు గడిచేసరికి అదే మన్యంలో ఒక సన్యాసి కల్లు మానమంటే జనం విన్నారు. విజయనగరానికి దగ్గరలోని పాండ్రంగిలో 1897లో పుట్టిన అల్లూరి సీతారామరాజు కృష్ణదేవిపేటలో కుదురుకుని, 1921-22లో ఊరూరా తిరిగి చెప్పింది రెండే మాటలు. తాగుడు మానండి, కోర్టులకెక్కకుండా మీ తగవులు మీ పంచాయతీలోనే తీర్చుకోండి. ఒక్క పోలీసుస్టేషన్ మీదా ఇంకా దాడి జరగలేదు, సర్కారు అప్పటికే ఆయన మీద నిఘా పెట్టింది. తాగొద్దనేవాడంటే ప్రభుత్వానికి భయమెందుకు? మద్రాసు ప్రెసిడెన్సీ ఖజానాకు భూమిశిస్తు తర్వాత అంత పెద్ద రాబడి ఆబ్కారీదే. కల్లు మానినవాడు దుకాణం గుమ్మం తొక్కడు, పంచాయతీకి వెళ్లినవాడు కోర్టు గుమ్మం తొక్కడు. మంత్రాల కంటే ఇదే సర్కారుకు ఎక్కువ ప్రమాదకరం.

ఇంతకీ ఈ మాట చెప్పడానికి కాషాయం ఎందుకు కావాలి? కొండల్లో కల్లూ సారా నోటి రుచి కోసమే కాదు. పండక్కి, పెళ్లికి, చావుకి, పితరులకు పోయాల్సిన చుక్క అది. ఆ చుక్క పడకపోతే పెద్దలు అలుగుతారు, పిల్లలకు జ్వరాలొస్తాయి. ఆ భయాన్ని దాటించాలంటే అంతకంటే పెద్ద దేవుడి పూచీ కావాలి. ఛోటానాగ్‌పూర్‌లో బిర్సా ముండా తాగొద్దని చెప్పింది దేవుడి దూతగానే. మల్లయ్య శిబిరం చెదిరిన నెలకే, 1900 జూన్ 9న, ఆయనా రాంచీ జైల్లో చనిపోయాడు. 1922లో దక్షిణ గుజరాత్ ఆదివాసీలను సారాకు దూరం చేసింది పూనకాల్లో పలికిన ఒక దేవత. ఒక మూఢనమ్మకాన్ని ఇంకో నమ్మకంతో కొట్టడం అక్కడా ఇక్కడా పనిచేసింది. కాదనడం మొండితనమవుతుంది.

అయితే ఆ పూచీకి వడ్డీ ఉంది. దేవుడి మాట మీద కల్లు మానినవాడు, అదే దేవుడి మాట మీద తూటాకు ఎదురూ వెళతాడు. సీతారామరాజుకు తూటా తగలదన్న నమ్మకం మన్యమంతా పాకింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి తుపాకులు పట్టుకుపోయినవాళ్లు వెదురును నమ్ముకోలేదు, అది మల్లయ్య కాలం నుంచి చాలా పెద్ద అడుగు. అయినా 1924 మే 7న కొయ్యూరులో రాజుకు తూటా తగిలింది. (కొర్రవానివలస కాల్పులదీ మే 7. జాతకాలు చెప్పేవాళ్లకు ఇది చాలు. నిజానికి కాకతాళీయం.)

దేవుడు లేకుండా ఈ పని జరగదా అంటే, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగింది. అక్షరాస్యత తరగతిలో ఆడవాళ్లు చదివింది తాగుబోతు మొగుడున్న సీతమ్మ కథ. అందులో అవతారం లేదు, పూనకం లేదు. కూలి డబ్బులో సారాకు ఎంత పోతోంది, పిల్లలకు ఎంత మిగులుతోంది అన్న లెక్క ఉంది. వాళ్లు ఊరి సారా దుకాణం మూయించారు. జిల్లాలో వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఖజానా లెక్కలు చూసుకుని ఆ నిషేధాన్ని సడలించారు.

రాజు ఇప్పుడు ప్రభుత్వానికే దేవుడు. 2022 ఏప్రిల్ 4న ఆయన పేర జిల్లా వెలిసింది. అదే రోజు పాచిపెంట విజయనగరం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారింది. జూలై 4న భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించారు. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో మందు దుకాణాలు నడిపింది ప్రభుత్వమే.