ఆసక్తి లేనిది జనానికి కాదు



'పాత రాళ్లంటే మన జనానికి పట్టదు' అని మీ పత్రిక గత సంచికలో వ్యాసకర్త రాసింది ఒప్పుకోలేను. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. అంతకు చాలా ముందునుంచే ఊరివాళ్లు వాటిలో ఒకదాన్ని ఎల్లమ్మగా కొలుస్తున్నారు. పట్టనివాళ్లు చేసే పనేనా అది? అదే పాలమూరు సీమలో ఉట్నూరు బూడిద దిబ్బను 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వారు. కొత్త రాతియుగపు పశువుల దొడ్డి అది. పేడ కాలగా కాలగా పేరుకున్న బూడిద. ఎంత గొప్ప సంగతి! మన బడిపిల్లలకు ఎవరు చెప్పారు? పండితులు ఇంగ్లీషులో నివేదికలు రాసుకున్నారు, అక్కడితో ఆగింది. జనాన్ని తప్పుపట్టే ముందు ఆ నివేదికల సారాన్ని తెలుగులో, ధారావాహికగా మీ పత్రికే అచ్చువేయాలని నా మనవి.

– ఒక పాఠకుడు, మక్తల్